పంచిపెట్టిన చేతులు

డ్రాయింగు టీచర్లుగా కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు గద్వాలలో మా ఇంటికి వస్తుంటారు. "మేడం, బడి పని చేసుకుంటనే సొంతంగ ఏదన్న గియ్యాలని ఉంది, ఎట్ల మొదలుపెట్టాలె?" అని అడుగుతారు. ఏ కాగితం కొనాలో, ఎవరి బొమ్మలు చూడాలో చెబుతానని ఎదురుచూస్తారు. చెబుతాను. కానీ ముందుగా నా బొమ్మలు ఏమయ్యాయో చెబుతాను. చెప్పేటప్పుడు కోపం వస్తుంది. ఆపుకోను. నౌకరీలో ఉన్నన్నాళ్లూ ఆపుకున్నది చాలు.

సర్కారు బడిలో డ్రాయింగు టీచరంటే ఏమిటో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. సైన్సు సారుకు గుండెకాయ చార్టు, సోషల్ సారుకు మ్యాపు, ఎవరైనా పెద్దలు వస్తున్నారంటే గేటు ముందు ముగ్గు, ఎన్నికలప్పుడు బాణం గుర్తులు. డ్రాయింగు పీరియడ్ ఏమో లెక్కల సారు తీసుకుంటాడు, సిలబస్ కాలేదని. ముప్పై ఏళ్ల నౌకరీలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు గీసింది "స్వాగతం" అన్న మాట. ఎవరికి స్వాగతమో కూడా చాలాసార్లు నాకు తెలియదు.

మాది మగ్గం ఇల్లు. మా నాయిన చీర అంచులకు గళ్ల కాగితం మీద డిజైన్లు గీసేవాడు. ఒక్కో గడి నింపుతూ పోతే నెమలి వచ్చేది. ఆయన దగ్గర నాకు వచ్చింది ఓపిక. బొమ్మలంటే పిచ్చి మాత్రం వేరే చోట పట్టుకుంది. హైదరాబాదులో ట్రైనింగుకు పోయినప్పుడు ఫుట్‌పాత్ మీద ఒక పాత పుస్తకం దొరికింది. అందులో ఒక పరాయి దేశపు చిత్రకారిణి బొగ్గుముక్కతో వేసిన కూలిజనం బొమ్మలున్నాయి. అట్ట చిరిగిపోయింది, భాష నాకు రాదు. ఆ బొమ్మల్లో చేతులు మొహాలకంటే పెద్దగా ఉండేవి. బిడ్డను పట్టుకున్న చెయ్యి, నెత్తి పట్టుకున్న చెయ్యి. ఆ పుస్తకం పక్కన పెట్టుకుని రెండేళ్లు ఆ చేతులనే కాపీ చేశాను.

కాపీ చేసిన వాటిని ఒకరోజు వనపర్తిలో ఒక సైన్‌బోర్డు పెయింటరుకు చూపించాను. అప్పటికే పెద్ద వయసు ఆయనకు. ఫ్లెక్సీలు వచ్చి పని పోయినా, శ్రీరంగాపూర్ తొవ్వలో కొన్ని దుకాణాల మీద ఆయన రాసిన అక్షరాలు ఇంకా ఉండేవి. రబ్బరు ముట్టుకోకుండా గీత గీయడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కాగితాలన్నీ ఒకటొకటిగా తిప్పి చూసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"గీత మంచిగుందమ్మా. కానీ ఇది ఎవలిదో చెయ్యి. మన దిక్కు చెయ్యి గిట్లుండదు."

"మరి ఎట్లుంటది?"

"నన్నడుగుతవేంది? దినాం బస్సుల వస్తవు పోతవు. చూస్తలెవ్వా?"

నాకు చాలా కోపం వచ్చింది. మూడు రోజుల తరువాత ఆయన చెప్పింది నిజమని ఒప్పుకున్నాను. నేను చూడటం లేదు.

అప్పుడు నేను పనిచేస్తున్న ఊరు గద్వాల నుంచి బస్సులో గంట దూరం. చుట్టూ విత్తన పత్తి. మన దిక్కు వాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు పత్తి వేరు, విత్తనం కోసం పెంచే పత్తి వేరు. దీనికి ఆడవాళ్లు మధ్యాహ్నం పూట విచ్చుకోని మొగ్గను పట్టి, బొటనవేలి గోటితో పైపొర గిల్లి, లోపలి పుప్పొడి కాడలు తీసేస్తారు. గుర్తుకు ఎర్ర కాగితం ముక్క తొడుగుతారు. మర్నాడు పొద్దున్నే మగపూలు తెంపుకొచ్చి ఒక్కోదానికి అద్దుతారు. పొలమంతా ఇట్లా, మొగ్గ తరువాత మొగ్గ. అందుకోసం ఆ బొటనవేలి గోరు పెంచుకుంటారు. ఆకుపసరు పట్టి ఆ గోరు నల్లగా, గట్టిగా, అంచు చిన్న కత్తిలా ఉంటుంది. మిగతా నాలుగు వేళ్ల గోళ్లు అరిగిపోయి ఉంటాయి. అట్లాంటి చెయ్యి ఆ పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.

బడి వెనక చేనులో పని చేసే గుంపుకు ఒక పెద్దామె ఉండేది. ఏభై దాటి ఉంటాయి. కూలీలను పిలుచుకొచ్చేది, వరస తప్పితే తిట్టేది. ఆమె దగ్గరికి పోయి చెయ్యి గీస్తానన్నాను.

"మొకం ఇడిసిపెట్టి చెయ్యేంది టీచరమ్మా?" అంది.

"మొకాలు అందరు గీస్తరక్కా."

"అన్నం తినే యాళ్లకు రా. పని ఆపితే ఊకోను."

తొలి వారం అంతా చెత్త గీశాను. ఉత్త చెయ్యి చాచి పెట్టమంటే ఆ చేతులు రేషన్ దుకాణంలో వేలిముద్రకు పెట్టినట్టు బిగుసుకుపోయేవి. ఒకరోజు పెద్దామె విసుగొచ్చి పక్క కొమ్మ నుంచి ఒక మొగ్గ తెంపి వేళ్ల మధ్య పట్టుకుంది. అంతే, చెయ్యి మారిపోయింది. ఏ వేలు ఎక్కడ వంగాలో దానికి తెలుసు. ఆ మొగ్గతోపాటే బొమ్మ గీశాను. మరునాడు ఇంకొకామె పొర గిల్లుతుంటే గీశాను. అప్పుడు తోచింది: ఒక్కో కాగితం మీద ఒక్కో మనిషి చెయ్యి, కానీ పువ్వు మాత్రం ఒకటే. మొదటి కాగితంలో మూసుకున్న మొగ్గ. తరువాతి దాంట్లో గోరు దిగుతున్న మొగ్గ. తరువాత పుప్పొడి తీసిన మొగ్గ, ఎర్ర కాగితం, అద్దిన మగపువ్వు, పిందె, కాయ, చివరి కాగితంలో పగిలిన తెల్లటి పత్తి. వరసగా తగిలిస్తే ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పువ్వు నడిచిపోతుంది. ఒక్కటి తీసేసినా నడక ఆగుతుంది. ఇది నాది, ఎవరి పుస్తకంలోంచీ తెచ్చింది కాదు అని మొదటిసారి అనిపించింది.

రెండు పంటలు పట్టింది. ఇరవై రెండు కాగితాలు, ఇరవై రెండు చేతులు. ఒక పడుచుపిల్ల "నా గాజులు మంచిగ గియ్యి మేడం, నిన్ననే ఏసుకున్న" అని పదిసార్లు చెప్పింది. గీశాను. ప్రతి కాగితం కింద ఆ మనిషి పేరు. రాయడం వచ్చినవాళ్లు వాళ్లే రాశారు. రానివాళ్లకు నేను రాసి చదివి వినిపించాను. పెద్దామె తన పేరు నాతో మూడుసార్లు చదివించుకుంది. ఆ పేర్లు ఇక్కడ రాయను, ఉండాల్సిన చోట ఉండనివ్వలేదు కనుక.

తప్పు ఎక్కడ మొదలైందంటే, నేను వాటిని స్టాఫ్‌రూంలో చూపించిన దగ్గర. మా హెడ్మాస్టరు మంచివాడే. ఎవరికీ హాని చేయడు. పై నుంచి ఫోను వస్తే మాత్రం కూర్చున్నవాడు లేచి నిలబడి మాట్లాడతాడు. ఆయన ఎవరికో చెప్పాడు, వాళ్లు ఇంకెవరికో చెప్పారు. నెలలోపే ఒక ఉత్సవ కమిటీ నుంచి కబురు వచ్చింది. ఒక పెద్ద హాలులో సభ జరుగుతుంది, గోడకు మీ బొమ్మలు పెడతాం, ఫ్రేములు మేమే కట్టిస్తాం అని. ఏ ఊళ్లోనో చెప్పను. అట్లాంటి కమిటీలు మూడు జిల్లాల్లోనూ ఉన్నాయి, ఎవరికి వాళ్లు తమనే అన్నాననుకోవచ్చు.

నేను పొంగిపోయాను. కాగితం ముక్క రాయించుకోలేదు. రసీదు అడగలేదు. అడిగితే బాగుండదనుకున్నాను. ఈ 'బాగుండదు' అన్న మాట మన ఉద్యోగాల్లో ఎంతమందిని ముంచిందో లెక్క లేదు.

చేనుకు పోయి ఆడవాళ్లందరికీ చెప్పాను. "మీ చేతులు పెద్ద హాల్ల పెడుతున్నరు. అందరు రావాలె."

"మమ్ముల లోపటికి రానిస్తరా?" అంది పెద్దామె.

"మీ చేతులు లోపల ఉంటే మిమ్ముల రానియ్యకపోవుడేంది?" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

సభ రోజు పొద్దున ఎనిమిదింటికే పోయి నేనే వరస ప్రకారం తగిలించాను. గోడ పొడవునా మొగ్గ నుంచి పత్తి దాకా. దూరంగా నిలబడి చూశాను. అప్పుడు హాలులో కుర్చీలు వేసేవాళ్లు తప్ప ఎవరూ లేరు. వాళ్లలో ఒకాయన కుర్చీ భుజాన పెట్టుకునే ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూసి, "మా ఇంటామెది గూడ గిదే గోరు మేడం" అన్నాడు. ఆ బొమ్మలను వరసగా, పూర్తిగా చూసినవాడు లోకంలో ఆయన ఒక్కడే. అప్పుడు ఆ సంగతి నాకు తెలియదు.

పదకొండింటికి అతిథులు వచ్చారు. అనుకున్నదానికంటే ఎక్కువమంది. సన్మానాలకు జ్ఞాపికలు ఆర్డరిచ్చిన దుకాణం నుంచి పెట్టె రాలేదు. కమిటీ పెద్దసారు, చేతిలో రెండు ఫోన్లతో, హెడ్మాస్టరును పక్కకు పిలిచాడు. ఇద్దరూ గోడ వైపు చూశారు. తరువాత నా దగ్గరికి వచ్చారు.

"మేడం, జర పరేషానుంది. మొమెంటోలు రాలే. మీ బొమ్మలున్నయి గదా, ఫ్రేములు గూడ ఉన్నయి. అవే ఇచ్చేద్దాం."

నాకు మొదట అర్థం కాలేదు. "ఇచ్చేద్దామంటే?"

"గెస్టులకు. మీకు గూడ పేరొస్తది. పెద్ద పెద్దోళ్ల ఇండ్లల్ల ఉంటయి."

"సార్, అవి విడివిడి బొమ్మలు కావు. అన్ని కలిపి ఒక్కటే."

పెద్దసారు నవ్వాడు. "అన్ని చేతులే గద మేడం."

నేను హెడ్మాస్టరు వైపు చూశాను. ఆయన కళ్లు దించుకుని "ఇయ్యుండ్రి మేడం, మళ్ల గీసుకోవచ్చు" అన్నాడు.

నేను వద్దు అనలేదు. ఇదే చెప్పాలని ఇంతసేపూ చెబుతున్నాను. గట్టిగా వద్దు అంటే వాళ్లు తీసేవాళ్లు కాదేమో. నేను నోరు తెరిచాను, మూశాను. అంతలో ఇద్దరు మనుషులు గోడ మీద నుంచి ఫ్రేములు దించుతున్నారు. ఒకమ్మాయి ప్రతి అద్దం మీద కమిటీ పేరున్న బంగారు రంగు స్టిక్కరు అంటిస్తోంది. ఎక్కడ? కింద ఖాళీ ఉన్న చోట. అంటే పేర్ల మీద. మైకులో నా పేరు పిలిచారు. వేదిక ఎక్కాను. నా చేతులతో నేనే నాలుగు బొమ్మలు ఇచ్చాను. ఫోటో తీసేవాడు "మేడం, జర నవ్వుండ్రి" అన్నాడు. నవ్వాను.

ఇరవై రెండూ పోయాయి. చాలక ఇంకో ముగ్గురికి శాలువాలు కప్పారు.

మధ్యాహ్నం రెండు ఆటోల్లో ఆడవాళ్లు దిగారు. పని మానుకుని, పెట్టెల్లో దాచుకున్న చీరలు కట్టుకుని, నెత్తికి నూనె రాసుకుని వచ్చారు. సభ అయిపోయింది. భోజనాలు నడుస్తున్నాయి. పెద్దామె ముందు, మిగతావాళ్లు వెనక, హాలులోకి వచ్చి గోడ వైపు చూశారు. గోడకు మేకులున్నాయి.

"ఏవి టీచరమ్మా?"

"గెస్టులకిచ్చిన్రక్కా."

"ఎవలిచ్చిన్రు?"

"కమిటోళ్లు. నన్ను అడగలే."

గాజులు గీయమన్న పడుచుపిల్ల అప్పటికే ఆటో డ్రైవరు ఫోను చూస్తోంది. సభ ఫోటోలు గ్రూపుల్లోకి వచ్చేశాయి. ఫోను పెద్దామె చేతికిచ్చింది. అందులో నేను. నవ్వుతూ. ఎవరికో ఒక చెయ్యి అందిస్తూ.

పెద్దామె చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నా చెయ్యి ఎవలికిచ్చినవు?" అంది.

నాకు తెలియదు. అది ఎవరికి పోయిందో నిజంగా నాకు తెలియదు. ఆమె ఫోను తిరిగి ఇచ్చేసి బయటికి నడిచింది. వాళ్లు అన్నం కూడా తినలేదు. పెద్దసారు నా పక్కకు వచ్చి, "ఎవరు మేడం వీళ్లు? తిన్నంక పంపుదుము గదా" అన్నాడు.

ఆ రాత్రి నుంచి నాకు పట్టిన కోపం ఇంకా దిగలేదు. మొదట వాళ్ల మీద, తరువాత నా మీద. రెండూ ఒకటేనని కొందరు సర్దిచెబుతారు. కాదు. వాళ్ల మీద కోపంతో ఉత్తరం రాశాను. నా మీద కోపంతో బస్సెక్కాను.

ఉత్తరానికి జవాబుగా ప్రశంసాపత్రం వచ్చింది. "మీ ఉదారమైన సహకారానికి" అని. దాని వెనకాలే "నేను సహకరించలేదు, నోరు మూసుకున్నాను" అని రాసి తిప్పి పంపాను. హెడ్మాస్టరు భయపడిపోయాడు. "గొడవెందుకు మేడం, రిటైర్మెంటు దగ్గరపడ్డది" అన్నాడు. "అందుకే సార్, ఇంక టైం లేదు" అన్నాను.

ఫోటో స్టూడియోకు పోయి సభ ఆల్బం చూసి, ఎవరి చేతిలో ఏ బొమ్మ ఉందో రాసుకున్నాను. ఆదివారాలన్నీ తిరిగాను. గద్వాల, అమరచింత, వనపర్తి, నాగర్‌కర్నూల్. ఒక ఇంట్లో బొమ్మ చెప్పుల స్టాండు వెనక ఉంది. ఒక ఆఫీసులో ఫ్రేములోంచి బొమ్మ తీసేసి అక్కడి సారు సన్మానం ఫోటో పెట్టుకున్నారు. నా కాగితం మడిచి వెనక అట్టగా దూర్చారు. మడత సరిగ్గా బొటనవేలి మీద పడింది. ఒకాయన "ఇచ్చిన గిఫ్టు వాపసు అడుగుతరా ఎక్కడన్న?" అని వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడాడు. ఇంకొకాయన తన ఇంట్లో ఎక్కడ ఉందో తనకే తెలియదన్నాడు. ఆల్బం ప్రకారం పెద్దామె చెయ్యి ఆయనకే పోయింది. మూడుసార్లు పోయాను. మూడోసారి గేటు తీయలేదు.

నాగర్‌కర్నూల్‌లో ఒకచోట మాత్రం నేనే వదిలేసి వచ్చాను. అతిథిగా వచ్చినాయన తల్లి దాన్ని తన మంచానికి ఎదురుగా పెట్టించుకుంది. నేను అడిగితే ఆ ముసలామె తన బొటనవేలు చూపించింది. వంకర తిరిగిన పాత గోరు. "నేను గూడ కూలికి పోయినదాన్నే బిడ్డా. ఇంతమంది ఇచ్చిన ఫోటోలల్ల నాకు ఎరుకైన మనిషి గీమె ఒక్కతే" అంది. నేను స్టిక్కరు పీకి, కింద ఉన్న పేరు ఆమెకు చదివి వినిపించి లేచాను.

మొత్తం తొమ్మిది దొరికాయి. తొమ్మిదింటితో పువ్వు నడవదు. వాటిని చేనుకు తీసుకుపోయి ఎవరివి వాళ్లకు ఇవ్వబోయాను. కొందరు తీసుకున్నారు. ఒకామె "నాకెందుకు, నీ దగ్గర్నే ఉంచుకో, మళ్ల ఎవలన్న వస్తే ఇయ్యొచ్చు" అంది. తగలాల్సిన చోటే తగిలింది.

పెద్దామె అప్పుడు అక్కడ లేదు. ఆ పని మానేసిందన్నారు. నేను రిటైరయ్యాక, ఒక పొద్దున వాళ్ల ఇంటికి పోయాను. గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను, ఆ రోజు అబద్ధం ఆడానని, నా చేత్తోనే ఇచ్చానని.

"ఎరుకే" అంది. ఇంకో గింజ తీసి, "ఎందుకిచ్చినవు?" అంది.

"బయమైంది."

"ఎందుకు? కొడతరా?"

కొట్టరు. జీతం ఆపరు. ట్రాన్స్‌ఫరు కూడా చేయరు. ముప్పై ఏళ్లు స్వాగతం రాసినదాని భయం అది.

మళ్లీ గీస్తానని అడిగాను. ఆమె చెయ్యి చాపింది. బొటనవేలి గోరు లేదు. కురచగా కత్తిరించుకుంది. "ఆ పనికి పోతలేను గదా, అన్నం కలుపుకుంటుంటే అడ్డమైతుండె" అంది. రెండేళ్ల కింద నేను గీసిన చెయ్యి ఇంక ఎక్కడా లేదు. మళ్ల గీసుకోవచ్చు అన్న హెడ్మాస్టరు గుర్తొచ్చాడు.

"ఇప్పుడున్నట్టే గియ్యి" అంది ఆమె. "కానీ కాయితం నా ఇంట్ల ఉంటది."

గీశాను. మూడు పొద్దులు పట్టింది. చింతగింజ పట్టుకున్న చెయ్యి. ఎవరి పుస్తకమూ నాకు గుర్తు రాలేదు, నా ఇరవై రెండు బొమ్మలు కూడా గుర్తు రాలేదు. దూరంగా పట్టుకుని చూసి "ఇది నాదే" అంది. గోడకు మేకు ఆమే కొట్టుకుంది.

ఇట్లాంటి సంగతులు ఎట్లా పాకుతాయో, మరుసటి ఏడు అదే కమిటీ పెద్దసారు నాకు ఫోను చేశాడు. ఈసారి పెద్ద ఎత్తున చేస్తున్నాం, ఏవైనా చేతులు ఉన్నాయా అని. ఒకటి ఉంది గానీ అది నాది కాదు, ఆమెను అడగండి అన్నాను. ఆయన నిజంగానే కారేసుకుని వచ్చాడు. నేనూ పోయాను, ఏమంటుందో చూద్దామని. ఈసారి నోరు తెరవాలని తొవ్వంతా మాటలు కూడగట్టుకున్నాను. అవసరం రాలేదు.

"రెండు రోజులు ఇయ్యమ్మా, మళ్ల తెచ్చిస్తం. మస్తు మంది చూస్తరు" అన్నాడు ఆయన గుమ్మంలో నిలబడి.

పెద్దామె లోపలికి పోయి చాప తెచ్చి, బొమ్మ ఉన్న గోడకు ఎదురుగా పరిచింది.

"చూసేటోళ్లను గిక్కడికే తోలుకరా సారూ. అందరికి చాయ్ పోస్త. ముందుగాల నువ్వు కూసో. ఎంతసేపన్న చూడు."

ఆయన కూర్చోలేదు. కారు తొవ్వకు అడ్డం ఉందని ఏదో చెప్పి వెళ్లిపోయాడు. ఖాళీ చాప మీద నేను కూర్చున్నాను. ఆమె నాకు చాయ్ పోసింది.